పసిబిడ్డ వినికిడి: పంచాయతీ బాధ్యత

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మీరు సాధారణముగా చేయు పనులు కంటికి కానవచ్చునవి. బాట పాడైనచో కనబడును. బావి ఎండినచో కనబడును. వీధి దీపము వెలుగనిచో ఊరంతయు చెప్పును. నేడు నేను మనవి చేయబోవు విషయము కంటికి కనబడునది కాదు. పుట్టిన బిడ్డకు చెవులు వినబడుచున్నవా లేదా అనునదియే ఆ విషయము. పెదవి చీలియున్నచో, పాదము వంకరగా నున్నచో మంత్రసాని సైతము పుట్టిన క్షణముననే గుర్తింపగలదు. చెవుడు అట్టిది కాదు. చెవి చక్కగనే యుండును. బిడ్డ ఏడ్చును, పాలు త్రాగును, తల్లి ముఖము చూచి నవ్వును. లోపము లోపలనే దాగియుండును.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పెదను. మా అక్కగారి రెండవ కుమారుడు పుట్టిన యేడాది, దీపావళినాడు ఇంటిల్లిపాదియు వాకిట చేరి టపాకాయలు కాల్చుచుండగా, ఆ పిల్లవాడు ఉయ్యాలలో కదలక మెదలక నిద్రించెను. ఎంత ధైర్యవంతుడని మేమందరము మురిసితిమి. మా అమ్మగారు దిష్టి కూడ తీసిరి. రెండేండ్లు నిండినను మాట రాలేదు. వాని తాతకును మూడవ యేటనే మాట వచ్చినదని పెద్దలు సమాధానము చెప్పిరి. మూడేండ్లు నిండిన పిమ్మట నాలుక క్రింది నరము కోయింపుమని ఒకరు, మ్రొక్కుకొనుడని మరియొకరు సలహా ఇచ్చిరి. రెండును చేసితిమి. నాలుగేండ్లు దాటినపుడు బడిలో చేర్పింపబోగా, ఉపాధ్యాయురాలు కొంచెము సేపు వానిని గమనించి, “అమ్మా, ఈ బిడ్డకు వినబడుట లేదు” అని చెప్పినది. దీపావళినాడే ఆ బిడ్డ మాకు ఆ సంగతి తెలియజేసెను. దానిని గ్రహించు జ్ఞానము మాకు లేకపోయినది.

ఆ నాలుగేండ్లలో మేము పోగొట్టినది ఏమి? వినికిడిని కాదు. అది పుట్టుకతోనే లేదు. మేము పోగొట్టినది వాని భాషను.

మాట నోటితో పుట్టునని మన మనుకొందుము. వాస్తవముగా మాట చెవితో పుట్టును. తల్లి గర్భమున ఆరవ, ఏడవ నెలకే శిశువు శబ్దములను వినగలుగును. పుట్టినది మొదలు తల్లి లాలియు, అవ్వ పలుకరింపులును, ఇంటి సందడియు చెవి ద్వారా మెదడునకు చేరి, అచ్చట భాషకు పునాది వేయును. ఆ పునాది పడుటకు మొదటి రెండు మూడేండ్లు అత్యంత ముఖ్యమైన కాలము. ఆ కాలమున శబ్దము అందని మెదడు భాగములు, విత్తు చల్లని పొలము వలె, మరియొక పంటకు పోవును. పుట్టు చెవుడు గల బిడ్డలు అనేకులకు గొంతులో గాని నాలుకలో గాని ఏ లోపమును ఉండదు. వినని మాటను పలుకలేకపోవుదురు, అంతియే. మొక్కయై వంగనిది మానై వంగునా అను మన సామెత ఈ విషయమున అక్షరాల నిజము.

ఇట్టి బిడ్డలు ఎందరు పుట్టుదురని మీరు అడుగవచ్చును. రెండు చెవులలోను చెప్పుకోదగిన లోపముతో పుట్టు బిడ్డలు ప్రతి వేయి జననములకు సుమారు 1 నుండి 3 వరకు ఉందురని వైద్యులు చెప్పుదురు. నెలలు నిండక పుట్టి, ప్రత్యేక చికిత్సా విభాగమున ఉంచబడిన బిడ్డలలో ఈ సంఖ్య ఇంకను చాల ఎక్కువ. ఒక గ్రామమున ఏటా 75 జననములు జరుగుననుకొనుడు. అచ్చట ఇట్టి బిడ్డ నాలుగైదేండ్లకు ఒకరు, లేక పదేండ్లకు ఒకరు పుట్టవచ్చును. కావున మా ఊరిలో ఈ సమస్య లేదని మనకు తోచును. కాని మండలమంతటికి ఏటా 750 జననములు జరిగినచో, ఏడాదికి ఒకరో ఇద్దరో తప్పక ఉందురు. అరుదుగా వచ్చు ఆపద కనుకనే ఏ ఊరును దానికి సిద్ధముగా నుండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన వినికిడి నివేదిక ప్రకారము, ప్రపంచమున చికిత్స, సహాయము అవసరమగు వినికిడి లోపము గలవారు 43 కోట్లమంది. వారిలో 3 కోట్ల 40 లక్షలమంది పిల్లలు.

పసిబిడ్డకు వినబడుచున్నదో లేదో తెలిసికొనుట ఎట్లు? వెనుకటి తరమువారు పళ్లెము మ్రోగించియు, చప్పట్లు చరచియు చూచెడివారు. నేటికిని అట్లు చేయువారు కలరు. ఇది నమ్మదగినది కాదు. పళ్లెము చప్పుడునకు బిడ్డ ఉలికిపడినచో, అది గాలి తాకిడి వలన గాని, నేల అదురు వలన గాని, చేతి నీడ కంటబడుట వలన గాని కావచ్చును. పెద్ద శబ్దము వినబడి, మెల్లని మాట వినబడని బిడ్డలును కలరు. విదేశములందును మొదట ఇట్టి ప్రయత్నములే జరిగినవి. 1944లో ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున ఈవింగ్ దంపతులు తల్లి ఒడిలో కూర్చున్న శిశువునకు కనబడకుండ గిలక వంటి వస్తువులను మ్రోగించి, తల త్రిప్పుచున్నదా అని చూచు పరీక్షను వివరించిరి. కాని తల త్రిప్పుటకు బిడ్డకు ఏడెనిమిది నెలలైనను నిండవలెను. 1960ల దశకమున అమెరికాలోని డెన్వరు నగరమున మేరియన్ డౌన్స్ అను విదుషీమణి పురిటి ఆసుపత్రులలోనే అప్పుడే పుట్టిన శిశువులకు శబ్దము వినిపించి, వారి కదలికలను పరిశీలించిరి. ఆలోచన గొప్పదే గాని, కదలికను చూచి నిర్ణయించుటలో పొరపాట్లు ఎక్కువగా నుండెను.

ఈ చిక్కు విడిపోవుటకు మార్గము 1978లో లండను నగరమున దొరకినది. డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుడు, ఆరోగ్యముగా నున్న చెవి శబ్దమును వినుటయే గాక, తాను కూడ మిక్కిలి సన్నని శబ్దమును వెలువరించునని కనుగొనెను. లోచెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొనియున్న కాక్లియా అను భాగము కలదు. అందులోని సూక్ష్మమైన రోమకణములు శబ్దము తగిలినపుడు కదలి, ఆ కదలిక నుండి ఒక ప్రతిధ్వని వంటిది వెనుకకు వచ్చును. చెవిలో చిన్న మెత్తని గొట్టము నుంచి శబ్దము పంపి, ఆ ప్రతిధ్వని వచ్చుచున్నదా అని యంత్రము చూచును. దీనినే ఓ.ఎ.ఇ. పరీక్ష అందురు. బిడ్డ నిద్రించుచుండగనే కొద్ది నిమిషములలో పూర్తియగును. సూది లేదు, మందు లేదు, నొప్పి లేదు. యంత్రము చేతిలో ఇముడునంతటిది.

రెండవది బెరా అను పరీక్ష. నుదుటను, చెవుల వెనుకను చిన్న తీగెలు అంటించి, శబ్దము చెవి నుండి నరము ద్వారా మెదడు వరకు చేరుచున్నదా అని ఇందులో చూచెదరు. కొందరు బిడ్డలకు లోచెవి బాగుగనే యుండి, నరములో లోపముండును. అట్టి లోపమును ఓ.ఎ.ఇ. పట్టలేదు. కావున ప్రత్యేక చికిత్సా విభాగమున ఉన్న బిడ్డలకు బెరా పరీక్ష కూడ చేయవలెనని నిపుణుల అభిప్రాయము.

ఈ సందర్భమున మూడు అంకెలను జ్ఞాపకముంచుకొన గోరెదను. ఒకటి, మూడు, ఆరు. మొదటి నెల నిండకముందే వినికిడి పరీక్ష జరుగవలెను. మూడవ నెల నిండకముందే లోపము ఉన్నదో లేదో నిర్ధారణ కావలెను. ఆరవ నెల నిండకముందే చికిత్సయు శిక్షణయు ప్రారంభము కావలెను. ఈ గడువులు ఊరక పెట్టినవి కావు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున యోషినాగ ఇటానో అను పరిశోధకురాలును ఆమె సహచరులును వినికిడి లోపము గల 150 మంది పిల్లలను పరీక్షించి, 1998లో ఫలితములను ప్రకటించిరి. ఆరు నెలలలోపు లోపము గుర్తింపబడిన పిల్లల భాష, ఆ తరువాత గుర్తింపబడిన పిల్లల భాష కంటె ఎంతయో మెరుగుగా నున్నట్లు తేలినది. బిడ్డ తెలివితేటలు ఒకటే, లోపము ఒకటే. భేదమెల్ల గుర్తించిన కాలమున నున్నది.

మన దేశమున ఏమి జరుగుచున్నది? చెవుడు నివారణకై జాతీయ కార్యక్రమము 2006–07లో ఆరంభమైనది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టిన నాటి నుండి 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించుటకు ఉద్దేశింపబడినది. అందు చేర్చిన 30 లోపములలో పుట్టు చెవుడు ఒకటి. లోపము అనుమానింపబడిన బిడ్డలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుట ఈ కార్యక్రమపు పద్ధతి. వినికిడి విషయమున దేశమునకే పెద్దదిక్కుగా 1965లో మైసూరునందు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ స్థాపితమైనది. బొంబాయిలో 1983లో నెలకొనిన అలీ యావర్ జంగ్ సంస్థకు మన సికింద్రాబాదున ప్రాంతీయ కేంద్రము కలదు.

యంత్రములు అన్ని పురిటి ఆసుపత్రులలోను ఇంకను లేవు. ఇది నిజము. కాని యంత్రము తక్కువైనంత మాత్రమున పని ఆగనక్కరలేదని కేరళలోని కొచ్చిన్ నగరము చూపినది. అచ్చటి శిశువైద్యులు 2003 నుండి ఒక పద్ధతిని నడపిరి. ప్రతి ఆసుపత్రియు ఒక యంత్రము కొనవలసిన పని లేకుండ, శిక్షణ పొందిన ఒక వ్యక్తి యంత్రమును వెంటబెట్టుకొని, నియమిత దినములలో ఒక్కొక్క ఆసుపత్రికి వెళ్లి, అచ్చట పుట్టిన శిశువులను పరీక్షించెడి ఏర్పాటు అది. సంత రోజున వర్తకుడు ఊరూర తిరిగినట్లే యంత్రము తిరిగినది.

ఇక అసలు సంగతికి వచ్చెదను. ఆసుపత్రిలో పరీక్ష జరిగినంత మాత్రమున బిడ్డ రక్షింపబడినట్లు కాదు. మొదటి పరీక్షలో నెగ్గని బిడ్డలందరును చెవిటివారు కారు. పుట్టిన మొదటి ఒకటి రెండు దినములలో చెవి రంధ్రమున ఉమ్మనీటి తడియు జిగురును ఉండవచ్చును. అట్టి బిడ్డ మొదటి పరీక్షలో నెగ్గక, రెండవసారి నెగ్గును. కావుననే వైద్యులు కొన్ని వారముల తరువాత మరల తీసికొని రమ్మందురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. రెండవసారి రానివారు అనేకులు. నిజముగా లోపమున్న బిడ్డయు ఆ రానివారిలోనే కలిసిపోవును.

ఎందుకు రారు? మన ఆచారమునే గమనింపుడు. ఆడపడుచు పురుటికి పుట్టింటికి పోవును. కాన్పు పట్టణపు ఆసుపత్రిలో జరుగును. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము జననము ఎచ్చట జరిగెనో అచ్చటనే నమోదగును. కావున ఆ బిడ్డ పేరు పుట్టింటి గ్రామపు పుస్తకమున ఉండదు, అత్తవారి గ్రామపు పుస్తకమునను ఉండదు. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో తల్లి బిడ్డతో అత్తవారింటికి పోవును. రెండవ పరీక్షకు రావలసిన కాలము సరిగా ఈ నడుమనే గడచిపోవును. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్త, వారు వెళ్లిపోయిరి గదా అనుకొనును. అత్తవారి ఊరి కార్యకర్తకు ఆ బిడ్డకు ఒక పరీక్ష మిగిలియున్నదన్న సంగతియే తెలియదు. తల్లికి చెప్పినదే గాని, పురిటి అలసటలో చేతికిచ్చిన చీటీ ఎచ్చట పెట్టినదో ఆమె ఎరుగదు. ఇట్లు రెండు ఊళ్ల నడుమ బిడ్డ జారిపోవుచున్నది. ఎవరును దుర్మార్గులు కారు. అయినను బిడ్డకు అన్యాయము జరుగుచున్నది.

ఈ ఖాళీని ఆసుపత్రి పూడ్చలేదు. వైద్యుడు ఊరూర తిరుగలేడు. ఎవరి యింట కోడలు వచ్చినది, ఎవరి యింట కుమార్తె పురుటికి వచ్చినది, ఎవరు ఎప్పుడు వెళ్లిరి అను సంగతి తెలిసినది గ్రామమునకే. కావున ఈ పని పంచాయతీది. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. నేను ఐదు పనులను మీ ముందుంచుచున్నాను.

మొదటిది, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశమున ఒక చిన్న పుస్తకము పెట్టుడు. జననము ఎచ్చట జరిగినను సరే, గ్రామమున ఉన్న ప్రతి పసిబిడ్డ పేరును అందు వ్రాయవలెను. వినికిడి పరీక్ష జరిగెనా, నెగ్గెనా, మరల ఎప్పుడు రమ్మనిరి అను మూడు గడులు చాలును.

రెండవది, ఆసుపత్రిలో కాన్పైన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆరుసార్లు పోవలసియున్నది. ఆ సందర్శనములలో తల్లీబిడ్డల కార్డును తెరచి చూచి, వినికిడి సంగతి అడుగునట్లు ఏర్పాటు చేయుడు. అడుగుట యను నొక్క పని వలననే అనేకులు జ్ఞాపకము తెచ్చుకొందురు.

మూడవది, బిడ్డ అత్తవారింటికి కదలునపుడు ఆ ఊరి సర్పంచికో ఆశా కార్యకర్తకో ఒక మాట చేరవేయుడు. నేడు ప్రతి చేతిలో సెల్‌ఫోను కలదు. పశువును అమ్మినపుడు దాని గుణదోషములు చెప్పి పంపు మనము, బిడ్డ విషయమున ఆ మాత్రము శ్రద్ధ చూపలేమా?

నాలుగవది, రెండవ పరీక్షకు పోవుటకు దారి ఖర్చు లేని కుటుంబములు ఉండును. దినకూలి పోవునని వెనుదీయు తండ్రులు ఉందురు. అట్టివారి వెంట ఒక మనిషిని పంపుటయో, వాహనము కుదుర్చుటయో చేయుడు. ఒక్క దినపు కూలి వలన ఒక జీవితకాలపు మాట పోరాదు.

ఐదవది, పరీక్ష జరుగని బిడ్డలను విడువకుడు. ఇంట కాన్పైన బిడ్డలు, యంత్రము లేని ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలు, పొరుగు రాష్ట్రమునకు వలసపోయి తిరిగి వచ్చిన కూలీల బిడ్డలు మొదట మీ పుస్తకమున చేరవలెను. పుట్టినపుడు పరీక్ష నెగ్గిన బిడ్డకు కూడ తరువాత చెవుడు రావచ్చును. ఏడాది దాటినను పిలిచిన వైపు తిరుగని బిడ్డను, అత్త, తాత వంటి చిన్న మాటలైనను రాని బిడ్డను ఆలస్యము చేయక పరీక్షకు పంపుడు. మూడేండ్లు చూతమను మాటను గ్రామమున వినబడనీయకుడు.

లోపము నిర్ధారణయైన పిమ్మట చేయగలిగినది చాల కలదు. కొద్ది నెలల పసిబిడ్డకు సైతము వినికిడి యంత్రమును అమర్చవచ్చును. దాని వలన ప్రయోజనము లేనంతటి తీవ్రమైన లోపమైనచో, సాధారణముగా ఏడాది వయస్సు ప్రాంతమున కాక్లియర్ ఇంప్లాంట్ అను శస్త్రచికిత్స చేయుదురు. ఇది మిక్కిలి ఖరీదైనది. అయినను కేంద్ర ప్రభుత్వపు ఎ.డి.ఐ.పి. పథకము క్రింద సహాయము లభించును. రెండు తెలుగు రాష్ట్రముల ఉచిత వైద్య పథకములందును దీనికి చోటు కలదు. అయితే వీనిలో వయోపరిమితి యున్నది. ఆలస్యముగా కనుగొనబడిన బిడ్డకు భాష యొక్క అదను దాటిపోవుటయే గాక, సహాయము యొక్క అదను కూడ దాటిపోవును. మరియొక మాట. శస్త్రచికిత్స జరిగిననాడే బిడ్డ మాటలాడదు. ఏడాది రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ కాలము, శిక్షణ సాగవలెను. తల్లి ఇంట నిరంతరము మాటలాడుచుండవలెను. యంత్రము చెడిపోయినపుడు బాగుచేయించుటకు వ్యయమగును. ఆ కుటుంబమునకు అప్పుడును గ్రామము అండగా నిలువవలెను.

నివారణ గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుడు, గర్భిణికి రూబెల్లా అను పొంగు వంటి వ్యాధి సోకినచో బిడ్డ కంటిలో శుక్లముతో పుట్టునని కనుగొనెను. దాని వలననే చెవుడు కూడ కలుగునని పిదప తెలిసినది. మీజిల్స్ రూబెల్లా టీకాల ఉద్యమము మన దేశమున 2017లో మొదలైనది. బిడ్డకు 9 నుండి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుండి 24 నెలల మధ్య మరియొకసారి ఈ టీకా వేయింపవలెను. నేటి ఆడపిల్ల రేపటి తల్లి గదా! పుట్టిన బిడ్డకు పసరికలు తీవ్రముగా వచ్చినచో తాయెత్తు కట్టి ఊరకుండక ఆసుపత్రికి కొనిపోవలెను. పుట్టు చెవుడునకు వంశపారంపర్యము ఒక ముఖ్య కారణము. మేనరికపు వివాహములలో ఆ అవకాశము హెచ్చును. బంధుత్వమును నిందించుట నా ఉద్దేశము కాదు. చెవుడు గలవారున్న కుటుంబములు మరల దగ్గరి సంబంధము చేయబోవునపుడు వైద్యుని సలహా పొందుట మంచిది.

చివరగా ఒక మనవి. ఇంట చెవిటి బిడ్డ పుట్టినచో తల్లిని నిందించుట మన ఊళ్లలో నేటికిని కలదు. అది మానవలెను. మూగవాడు, చెవిటివాడు అని పిల్లవానికి పేరు పెట్టి పిలుచుటయు మానవలెను. యంత్రము వలన గాని, శస్త్రచికిత్స వలన గాని ప్రయోజనము పొందలేని బిడ్డలు ఉందురు. వారికి సంజ్ఞా భాష కలదు. అదియు సంపూర్ణమైన భాషయే. 2015లో ఢిల్లీయందు భారతీయ సంజ్ఞా భాషకై ప్రత్యేక సంస్థ ఏర్పడినది. చెవితో వచ్చినను, చేతితో వచ్చినను బిడ్డకు భాష కావలెను. అది మొదటి యేడాదిలోనే ఆరంభము కావలెను. ఆ బిడ్డ ఎవరో ముందుగా తెలిసిననే గాని ఏ మార్గమును తెరచుకొనదు.

మా అక్కగారి కుమారుడు నేడు పెద్దవాడైనాడు. దర్జీ పని నేర్చి, తన కుటుంబమును తాను పోషించుకొనుచున్నాడు. ఊరిలో అతని కుట్టు పనికి మంచి పేరు కలదు. కాని తల్లితో మనసు విప్పి చెప్పుకొనవలసిన మాట వచ్చినపుడు ఇద్దరికిని చేతులు చాలవు. అతని బాల్యమున ఓ.ఎ.ఇ. యంత్రము మా జిల్లాలో లేదు. మాకు ఆ సాకైనను కలదు. నేడు మీకు ఆ సాకు లేదు.

ప్రతి యేడు మార్చి 3వ తేదీని ప్రపంచ వినికిడి దినముగా జరుపుచున్నారు. ఆ దినమున మీ పుస్తకమును సభలో తెరచి, రెండవ పరీక్షకు పోవలసియుండి పోని బిడ్డ ఒక్కరైనను ఉన్నారా అని ఊరివారి ఎదుట అడుగుడు. ఉన్నచో ఆ వారముననే పంపుడు. లేరని చెప్పగలిగిననాడు, బాట వేసినదాని కంటెను, బావి త్రవ్వినదాని కంటెను తక్కువ కాని పని మీ పంచాయతీ చేసినట్లే.